తొమ్మిదో ముక్క

ఎనిమిది ముఖాలున్న కాగితాన్ని అద్దం పలక మీద పరిచి, భిక్షం స్టీలు స్కేలును మొదటి రెండు ముఖాల మధ్య ఆనించాడు. బ్లేడు ఒక్కసారి పైనుంచి కిందికి జారింది. రెండోసారి లాగడం ఆయన పద్ధతి కాదు. రెండుసార్లు లాగితే అంచుకు నూగు లేస్తుంది, నూగు లేచిన ఫొటో చేతిపనికి మచ్చ. ఆ ముఖాలు ఎనిమిదీ ఒకే కుర్రాడివి. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాడట. ముక్కలయ్యాక కూడా ఎనిమిది మందీ ఒకే రకంగా బిగుసుకుని, అప్పుడే ఎవరినో అరెస్టు చేయబోతున్నట్టు చూస్తున్నారు.

"జర నవ్వకపోయినవా బిడ్డా," అన్నాడు భిక్షం ముక్కలను కవరులో వేస్తూ, ఫొటోలోని కుర్రాడితోనే. అసలు కుర్రాడు ఇంకా రాలేదు.

మానుకోట స్టేషన్ రోడ్డులో సోమేశ్వర్ ఫొటో స్టూడియో అంటే తెలియనివాళ్లు తక్కువ. అందులో భిక్షం అనే మనిషి ఉన్నాడని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఫొటో తీసేది ఆయన కాదు. మొదట సోమేశ్వర్ సేటు తీసేవాడు, సేటు పోయాక కొడుకు సురేందర్ తీస్తున్నాడు. భిక్షం పని ఫొటో తీశాక మొదలవుతుంది: కోయడం, అంటించడం, ఫ్రేము కట్టడం. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. సన్నటి పొట్టి మనిషి, కళ్లద్దాలకు ఒక పక్క పుల్ల విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. కుడి బొటనవేలి మొదట్లో చింతగింజంత కాయ కాసింది, అది కత్తెర ఇచ్చిన కాయ.

ఇంకో పని కూడా ఉంది. ఏడాది నిండని పిల్లలకు ఫొటో తీయాలంటే మెడ నిలవదు, నడుము నిలవదు. కుర్చీ వెనక ఒదిగి కూర్చుని, తెల్లగుడ్డ చాటు నుంచి పిల్లవాడి వీపును పట్టుకునేది భిక్షం చెయ్యే. ఫొటో వచ్చాక అంచున కనబడే ఆ చేతిని తానే కోసి పారేసేవాడు. మానుకోటలో ఇవాళ మీసాలు దువ్వుకుంటున్న సగం మంది నడుములు ఒకప్పుడు ఆ చేతిలో నిలబడ్డవే. అయితే ఆ సంగతి ఏ ఫొటోలోనూ లేదు. పనివాడి చెయ్యి ఫొటోలో కనబడడం పనివాడికి నామోషీ అని సేటు నేర్పిన మొదటి పాఠం.

రెండో పాఠం ఆయన దెబ్బతిని నేర్చుకున్నాడు. చేరిన కొత్తలో స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ల పెళ్లి గ్రూపు ఫొటో ఒకటి వచ్చింది. ఇరవై ముగ్గురు మనుషులు, ఫ్రేము చూస్తే చిన్నది. చివర నిలబడ్డ ఆయనెవరో దారినపోయే మనిషి అనుకుని భిక్షం ముఖం మధ్యలోంచి కోసేశాడు. తీరా చూస్తే ఆయన పెళ్లికూతురు మేనమామ. ఫొటో గోడకెక్కిన రోజు నుంచి ఆయన ఆ గడప తొక్కలేదు. 'నా సగం మొకమే మీకు చుట్టమైతే మిగిలిన సగం ఎందుకు రావాలె' అని కబురు పంపాడు. చివరికి భిక్షమే కొత్త ప్రింటు, పెద్ద ఫ్రేము కట్టుకుని రైలెక్కి పోయి, ఆయన వాకిట్లో నిలబడి చూపించాడు. మేనమామ చాలాసేపు చూసి, "అంగి గుండీ పెట్టుకోలేదు గదా, గదన్న కోస్తే బాగుండు" అన్నాడు. అందరూ నవ్వేశారు, భిక్షానికి అన్నం పెట్టారు. ఆ రోజు నుంచి మాత్రం మనిషి ముఖం మీద ఆయన బ్లేడు పడలేదు.

పది గంటలకు ఫోను మోగింది. దంతాలపల్లి నుంచి భార్య వెంకటనర్సమ్మ.

"శోభ నాయినా, సామాను సదురుకున్నవా?"

"సదిరిన. తలుపెనక సంచి పెట్టిన."

"నాలుగున్నర బస్సు మరువకు. పరాయోళ్ల మొకాలు కోసింది సాలు. ఇగ ఇంటికొచ్చి బర్లకు గడ్డి కొయ్యి."

భిక్షం నవ్వుకున్నాడు. పెళ్లయి ముప్పై ఆరేళ్లు. అక్కడ రెండెకరాల పొలం, రెండు బర్రెలు, ఆమె. ఇక్కడ స్టూడియో వెనక గదిలో మడత మంచం, ఈయన. శనివారం సాయంత్రం పోవడం, సోమవారం పొద్దున మొదటి బస్సుకు రావడం. వారానికొక ఆదివారం కాపురం కావడంతో మొగుడూ పెళ్లాలు తీరిగ్గా పోట్లాడుకున్నది కూడా లేదు. కూతురు శోభ పెళ్లయి పోయింది. ఈ దసరాకు భిక్షానికి అరవై నిండాయి. నర్సమ్మ ఇక ఊరుకోనంది. ఆయనకూ ఇంకా ఇక్కడే ఉండాలని లేదు. ఇవాళ శనివారం. ఈసారి పోతే సోమవారం రాడు. ఈ సంగతి సురేందర్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. శాలువాలు, దండలు అంటే ఆయనకు వణుకు. ఎన్ని సన్మానాల ఫొటోలకు ఫ్రేము కట్టాడో, అందులో కూర్చున్నవాళ్ల మొహాలు ఎట్లా ఉంటాయో ఆయనకు తెలుసు. ఆయన కోరిక ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్లలో ఘన్‌పూర్ మేనమామ తర్వాత ఎవరి పనీ చెడగొట్టలేదు, ఈ చివరి రోజు కూడా అట్లాగే గడిచిపోవాలి.

పదిన్నరకు మెట్లెక్కి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ముందు ఒక పాతికేళ్ల అమ్మాయి, చేతిలో ఫోను, చంకలో పెద్ద మూట. వెనక డెబ్భై ఏళ్ల ముసలామె, ఒంటినిండా అద్దాలు, గవ్వలు, ముంజేతుల దాకా తెల్లటి గాజులు. ఆమె గుమ్మంలోకి రాగానే స్టూడియో గోడల మీద వెలుగు చుక్కలు పరుగులు పెట్టాయి.

"కొత్తగూడ దిక్కు తండా నుంచి వచ్చినం కాకా," అంది అమ్మాయి. పేరు రజిత. ముసలామె సుక్కి, ఆమె నాయనమ్మ. "మా దాదీ ఫొటో తియ్యాలె. తీసినంక తొమ్మిది ముక్కలు కొయ్యాలె."

కోయడం అన్న మాట వినగానే భిక్షం స్టూలు మీంచి లేచాడు.

రజిత ఫోను తీసి, అందరూ ఫొటోలు పెట్టుకునే యాప్‌లో ఎవరిదో పేజీ చూపించింది. మూడు వరుసలు, వరుసకు మూడు గడులు. తొమ్మిది గడులూ కలిపి చూస్తే ఒక పెద్ద నెమలి. "గిది తొమ్మిది ఫొటోలు గాదు కాకా. ఒక్కటే. ముక్కలు చేసి ఒకదానెనక ఒకటి పెడ్తరు. పేజీ తెరవంగనే బొమ్మ మొత్తం కొట్టొచ్చినట్టు కనవడ్తది."

విషయం ఇది. తండాలో రజితతో కలిపి ఆరుగురు ఆడవాళ్లు ఫేటియాలు కుడతారు. ఫేటియా అంటే తండా ఆడవాళ్ల పెద్ద కుచ్చిళ్ల లంగా, ఒక్కోదానికి మూడు నెలల సూదిపని. నిరుడు భూపాలపల్లి ప్రదర్శనలో పెట్టారు. టేబుల్ మీద మడతపెట్టి ఉంచితే ఒక్కరూ విప్పి చూడలేదు. మూడు రోజులూ ఈగలు తోలుకుని వచ్చారు. వచ్చే నెల జనగామలో ఇంకో ప్రదర్శన ఉంది. నలభై స్టాళ్లకు రెండు వందల మంది పోటీ. దాన్ని నడిపే సౌజన్య అనే ఆమె, 'ఇవాళ నాలుగు గంటలకు అందరి పేజీలు తెరుస్త, చూడంగనే నా చెయ్యి ఆగాలె, ఆగినోళ్లకే స్టాలు' అని చెప్పిందట.

"ఫోన్‌ల తీస్తే అద్దాలన్నీ తళతళ మెరిసి తెల్లగైతున్నయి," అంది రజిత. "కుట్టు కనవడ్తలేదు. ఈ స్టాలు గూడ రాకపోతే మా వాళ్లు సూదులు పక్కకు పెట్టి మిరప తోటలకు కూలికి పోతరు. ఇప్పటికే ఇద్దరు పోయిన్రు."

భిక్షం వింటూనే ఆ ఫోనులో ఇంకో పేజీ చూశాడు. ఎవరో పెళ్లికూతురు. తొమ్మిది గడుల గీత సరిగ్గా ఆమె ముక్కు మీదుగా పోయింది. కన్ను ఒక గడిలో, ఇంకో కన్ను ఇంకో గడిలో.

"గిదెవడు కోసిండు?" అన్నాడు, ఘన్‌పూర్ మేనమామ కళ్లముందు మెదిలి.

"మనిషి కొయ్యడన్నా," అన్నాడు లోపలి నుంచి సురేందర్. "యాపే కోస్తది."

"గందుకే గిట్ల కోసింది."

సుక్కి ఇదంతా వింటూ బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "దాదీకి తెలుగు అంతగ రాదు," అంది రజిత. సుక్కి అవునన్నట్టు తల ఊపింది. తెలుగు రాని మనిషి అంత సరిగ్గా సమయానికి ఎట్లా తల ఊపిందో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, నడుముకున్న చిన్న సంచి నుంచి సూది తీసి, తలుపు వెనక ఉన్న భిక్షం సంచిని దగ్గరికి లాక్కుంది. దాని పట్టీ ఒక పక్క ఊడివుంది.

మేడ మీద మెట్లగది నీడలో చాప పరిచారు. వెనక తీగ కట్టి, మూటలోని బట్టలు వరుసగా ఆరేశారు. సుక్కి కొత్త ఫేటియా కట్టుకుని చాప మధ్యన కూర్చుంటే భిక్షం దాని కుచ్చిళ్లను చుట్టూ చక్రంలా పరిచాడు. ఎరుపు, పసుపు, నీలం గుడ్డ ముక్కలు, వాటి మధ్య వేలిగోరంత అద్దాలు, అంచు పొడవునా గవ్వలు. ఒక అంచును దగ్గరికి తీసుకుని కుట్టు చూశాడు. గవ్వకూ గవ్వకూ మధ్య ఎడం ఒక్క నూలుపోగు కూడా తేడా లేదు. స్కేలు లేకుండా ఇట్లా ఎట్లా పెట్టిందో ఆయనకు అంతుపట్టలేదు.

"అవ్వా, ఏం కొలత ఇది?" అని అడిగాడు.

సుక్కి తన చిటికెన వేలు చూపించింది. భిక్షం తన బొటనవేలి కాయ చూపించాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుని తృప్తిపడ్డారు.

నేరుగా ఎండ పడితే అద్దాలు మండిపోతాయి, పూర్తి నీడలో కుట్టు చచ్చిపోతుంది. దానికి పాత ఉపాయం ఉంది. తెల్లటి థర్మాకోల్ అట్టను ఎండలో పట్టి, దాని మీద పడ్డ వెలుతురును మెల్లగా మనిషి మీదికి మళ్లించాలి. భిక్షం కుడివైపు గోడ పక్కన చతికిలబడి అట్ట పట్టుకున్నాడు. గాలి తోస్తోంది, అట్ట ఊగుతోంది. ఆయన ఇంకాస్త ముందుకు జరిగి పట్టు బిగించాడు. సుక్కి ముఖం మీద ముడతలన్నీ ఒక్కొక్కటిగా వెలిగాయి, గవ్వలు పాలచుక్కల్లా తేలాయి.

"నవ్వవే దాదీ," అంది రజిత.

సుక్కి నవ్వలేదు. సురేందర్ నవ్వమన్నాడు, నవ్వలేదు. అట్ట వెనక నుంచి భిక్షం, "అవ్వా, ఈమెకు పెండ్లి సంబంధం చూసినవా లేదా?" అన్నాడు. రజిత "కాకా!" అని అరిచింది. సుక్కి పకపకా నవ్వింది. సురేందర్ ఆ నవ్వును పట్టేశాడు.

తప్పు కిందికి వచ్చాక బయటపడింది. పెద్ద ప్రింటు తీసి అద్దం పలక మీద పరవగానే సురేందర్, "అన్నా, మూలకు నీ వేళ్లు పడ్డయ్" అన్నాడు.

నిజమే. కుడివైపు కింది మూలలో, ఫేటియా అంచు గవ్వలకు ఆనుకుని తెల్ల అట్ట కొస, దాని మీద నాలుగు వేళ్లు, బొటనవేలు, బొటనవేలి మొదట్లో కాయ. భిక్షానికి ముఖం చెల్లలేదు. పసిపిల్లల వెనక నుంచి ఇన్నేళ్లు తప్పించుకొచ్చిన చెయ్యి, సరిగ్గా చివరి రోజు దొరికిపోయింది.

"కోసేద్దాం," అన్నాడు. పెన్సిలు తీసుకుని, వేళ్లు పోయేంత మేర కుడి అంచు వదిలేసి, మిగిలినదాన్ని మూడు నిలువు భాగాలు చేశాడు. రెండో గీత నేరుగా సుక్కి ఎడమ కన్ను మీదికి వచ్చింది. చెరిపేశాడు. ఎడమవైపు కూడా కొంత తగ్గించి చూశాడు. అప్పుడు ఆ గీత చెంప మీద పడింది, పైగా తీగ మీది బట్టలు సగం ఎగిరిపోయాయి. మళ్లీ చెరిపాడు. మొత్తం ఫొటోను మూడు చేస్తే మాత్రం సుక్కి ముఖం గీతల మధ్య, నడిగడిలో, చెవి కమ్మలతో సహా నిండుగా కూర్చుంటోంది.

"పరేషాన్ ఎందుకే, కంప్యూటర్ల చెరిపేస్త," అన్నాడు సురేందర్. రెండు నిమిషాల్లో వేళ్లు మాయమయ్యాయి. వేళ్లతో పాటు వాటి పక్కనున్న ఏడు గవ్వలు కూడా కరిగి తెల్లటి ముద్ద అయ్యాయి.

"అయ్యో, మా దాదీ గవ్వలు!" అంది రజిత.

సుక్కి తొంగిచూసి తన భాషలో ఏదో అంది. రజిత నవ్వి తెలుగులో చెప్పింది. "వెలుతురు పట్టుకున్నోని చెయ్యి కనవడితే తప్పేంది అంటుంది కాకా. కనవడనియ్ అంటుంది."

భిక్షం కాసేపు పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. సేటు నేర్పిన మొదటి పాఠం ఒక పక్క, మేనమామ నేర్పిన రెండో పాఠం ఇంకో పక్క. ముఖమే గెలిచింది. ఆయన వేళ్లను వదిలేసి గీతలు గీశాడు. ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాడు. సురేందర్ ఆ గీతల ప్రకారమే కంప్యూటర్లో ముక్కలు చేసి రజిత ఫోనుకు పంపి, ఓణీల ఫంక్షన్ ఒకటుందని కెమెరా భుజాన వేసుకుని పోయాడు. పోతూ, "నేనొచ్చేదాక పోవద్దన్నా. నాలుగింటికల్ల వస్త" అన్నాడు.

సద్దిడబ్బాలు విప్పి ముగ్గురూ తిన్నారు. మూడు కావస్తుండగా రజిత ఒకటో ముక్క నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ పేజీలో పెట్టింది. తొమ్మిదోది పెట్టాక పేజీ తెరిచి చూసింది.

కింద ఉండాల్సిన ఫేటియా అంచు పైన ఉంది. పైన తీగ మీద ఆరాల్సిన బట్టలు కింద పడివున్నాయి. ఎడమది కుడికి పోయింది, కుడిది ఎడమకు వచ్చింది. సుక్కి ముఖం ఒక్కటే నడిగడిలో కదలకుండా పకపకా నవ్వుతోంది. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి గడిలో భిక్షం వేళ్లు.

"నంబర్ల లెక్కనే పెట్టిన గద కాకా," అంది రజిత. కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడెట్ల? గంటల మేడం చూస్తది. గిట్ల చూస్తే నవ్విపోతది."

సుక్కి ఫోను లాక్కుని చూసింది. చూసి, "ఓయమ్మ, నా కాళ్లు నెత్తికెక్కినయి!" అని స్పష్టమైన మానుకోట తెలుగులో అరిచి, పొట్ట పట్టుకుని నవ్వింది. రజితకు ఏడుపు ఆగిపోయింది. "నీకు గింత తెలుగు వస్తదా?" అంది. "అక్కరకు వస్తది," అంది సుక్కి.

భిక్షానికి నవ్వు రాలేదు. అంకెలు వేసింది తాను. సురేందర్ ఫోను ఎత్తడం లేదు, ఫంక్షన్‌లో బాజాలు మోగుతూ ఉంటాయి. ముప్పై ఒక్క ఏళ్లకు రెండో మేనమామ తయారవుతున్నాడు, ఈసారి రైలెక్కి పోయి సరిచేసుకునే టైము కూడా లేదు. గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది.

ఫోను ఆయనకు కొత్త. కాగితం కొత్త కాదు. ఆయన పెద్ద ప్రింటును పలక మీద సరిచేసి, స్కేలు ఆనించి, నాలుగే నాలుగు గీతల్లో తొమ్మిది ముక్కలు చేశాడు. "నువ్వు పెట్టినప్పుడు ఒక్కోటి యాడికి పోయిందో చెప్పు బిడ్డా."

"కొత్తది పెడితే మొదటి గడిల కూసుంటది కాకా. అంతకుముందుది పక్క గడికి జరుగుతది."

"ఏంది, మళ్ల చెప్పు?"

"కొత్తదే ముందు. పాతయి ఎనకకు."

భిక్షం తల ఎత్తి వెనక గది తలుపు వైపు చూశాడు. ఆ గది ఒకప్పుడు ఫొటోలు కడిగే డార్క్‌రూము. గోడకు గోడకు మధ్య కట్టిన తీగ ఇంకా ఉంది, ఇప్పుడు దాని మీద ఆయన తువ్వాలు ఆరుతుంది. ఆ రోజుల్లో తడి ఫొటోను తలుపు దగ్గరి కొసలో క్లిప్పు పెట్టి వేలాడదీసేవారు. తర్వాతిది రాగానే ముందుదాన్ని లోపలికి తోసి, దాని చోట కొత్తది తగిలించేవారు. మొదట తగిలించింది ఆఖరికి గది అవతలి గోడ దగ్గర తేలేది. ఎన్ని వేల ఫొటోలను అట్లా తోశాడు ఈ చేత్తో! ఫోను కూడా ఆ తీగే. తీగ కొస తిరిగి మూడు వరుసలైంది, అంతే తేడా.

"ఉల్టా పెట్టాలె బిడ్డా!" అన్నాడు, కుర్రాడిలా ఎగిరినంత పని చేసి. "ముందుగాల తొమ్మిదోది పెట్టు. అది జరుక్కుంట జరుక్కుంట ఆఖరు గడికి పోతది. ఒకటోది అన్నిటికన్న ఎనక పెట్టు, అది ముందు నిలవడ్తది."

నమ్మకం కోసం పలక మీద కాగితం ముక్కలతో చేసి చూపించాడు. తొమ్మిది పెట్టి, దాన్ని జరిపి ఎనిమిది, ఆ రెంటినీ జరిపి ఏడు. ఒకటో ముక్క పెట్టేసరికి పలక మీద సుక్కి చక్కగా, కాళ్లు కిందా తల పైనా పెట్టుకుని కూర్చుంది.

పాతవన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టారు. స్టూడియోలో సిగ్నల్ అంతంతమాత్రం. రజిత మెట్ల మీద నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుంటే, భిక్షం పలక దగ్గర నిలబడి ఒక్కో కాగితం ముక్కను చేత్తో పట్టుకుని అంకె చెప్పాడు. తొమ్మిది పోయింది. ఎనిమిది పోయింది. ఏడు దగ్గర చక్రం తిరిగి తిరిగి ఆగింది. సుక్కి తన దేవుడికి మొక్కింది. అది కూడా పోయింది. ఒకటో ముక్క పోయేసరికి నాలుగుకు ఎనిమిది నిమిషాలు. రజిత పేజీ తెరిచింది. ఫోనును ముందు భిక్షానికి చూపించింది.

చిన్న తెరలో ఫేటియా మొత్తం విచ్చుకుని ఉంది. ప్రతి అద్దంలో ఒక వెలుగు, ప్రతి గవ్వకూ దాని నీడ. నడిగడిలో సుక్కి నవ్వు, ఎక్కడా గీత పడలేదు. భిక్షం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇన్నేళ్లలో తన పనిని తానే బాగుందనుకోవడం ఆయనకు అలవాటు లేదు, ఇవాళ అనుకున్నాడు.

తర్వాత బ్లేడును మైనపు కాగితంలో చుట్టాడు. పలక తుడవబోయి, దాని మీద తొమ్మిది ముక్కలు ఉండటంతో ఊరుకున్నాడు. పోలీసు కుర్రాడి కవరు మీద పేరు రాసి కనబడేచోట పెట్టాడు. తలుపు వెనక సంచి తీసుకోబోతే పట్టీ గట్టిగా తగిలింది. ఎర్రదారంతో దగ్గరగా కుట్టి ఉంది, కుట్టు చివర ఒక చిన్న అద్దం.

"గిదేంది అవ్వా?"

"కొలత సూస్కో," అంది సుక్కి.

నాలుగూ పదికి ఫోను మోగింది. రజిత స్పీకరు పెట్టింది. "సౌజన్యను మాట్లాడుతున్న. రజితా, నీ పేజీ చూసిన. చెయ్యి ఆగుడు గాదు తల్లీ, నేను లేచి మా అత్తమ్మకు చూపించిన. స్టాలు మీదే. గేటు పక్కనే ఇస్త, బట్టలు మాత్రం మడతపెట్టకుండ్రి. గిట్లనే పరవుండ్రి."

రజిత కేక పెట్టి సుక్కిని వాటేసుకుంది. గాజులు గలగలలాడాయి, గోడల మీద వెలుగు చుక్కలు ఎగిరి గంతేశాయి. రజిత ఒక పక్క సౌజన్యతో మాట్లాడుతూనే ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. భిక్షం చెప్పులు తొడుక్కున్నాడు. గోడ మీది సోమేశ్వర్ సేటు ఫొటో వైపు ఒకసారి చూశాడు, ఆ ఫ్రేము కట్టింది కూడా తనే. సుక్కి ఆయన్ను చూసింది. చెయ్యి ఎత్తి దీవించింది. భిక్షం తల ఊపి మెట్లు దిగాడు.

మెట్ల కింద సురేందర్ బండి ఆపుతున్నాడు. సంచి చూశాడు. ఆ సంచి తీసుకుని తన భుజాన వేసుకుని రోడ్డు దాకా వచ్చాడు.

"పైలం అన్నా," అన్నాడు చివరికి.

"నువ్వు పో చిన్న సేటూ. బేరమున్నది పైన. ఒగ ముచ్చట, పసిపోరల ఫొటోలు తీస్తే వీపు పట్టుకునేటోన్ని చూస్కో," అని భిక్షం సంచి అందుకున్నాడు.

మూల మీది చాయ్ కొట్టు పోశయ్య ఎప్పటిలాగే గిన్నె తోముతూ పలకరించాడు. "ఇంటికానే భిక్షం? సోమారం వచ్చేటప్పుడు జర కందికాయ పట్కరా."

"తెస్త," అన్నాడు భిక్షం, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు కొద్దీ. రెండడుగులు వేశాక తానన్నది గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. వెనక్కి తిరిగి చెప్పలేదు. మొదటి బస్సులో ఎవరితోనన్నా పంపిస్తే సరిపోతుంది. బస్సు కనబడగానే అడుగు వేగం పెంచాడు. పట్టీ మీది అద్దం ఒకసారి పోశయ్య కళ్లలో మెరిసింది, తర్వాత జనంలో కలిసిపోయింది.

పైన సౌజన్య ఇంకా ఫోను పెట్టలేదు. "అన్ని బాగున్నయి గని, ఆ కింద మూలకు వేళ్లు కనవడ్తున్నయి. ఎవరియి?"

రజిత "కాకా" అంటూ తిరిగి చూసింది. స్టూలు ఖాళీగా ఉంది.

"మా కాకయి," అంది. "వెలుతురు పట్టిండు."

సురేందర్ పైకి వచ్చి పలక మీది కాగితం ముక్కలను ఒక్కోటీ ఎత్తి కవరులో వేశాడు, తండాకు తీసుకుపోయి గోడకు అంటించుకొమ్మని. సుక్కి కవరు అందుకుని విప్పి, ముక్కలను వేళ్లతో వెతికి, ఆఖరిదాన్ని బయటికి తీసింది.

"గిది ఈడనే ఉండాలె," అని దాన్ని మళ్లీ అద్దం పలక మీద పెట్టింది.

నాయనమ్మా మనవరాలూ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. పలక మీద తొమ్మిదో ముక్క ఉంది. ఒక వరుస గవ్వలు, తెల్ల అట్ట కొస, దాన్ని గాలికి కదలకుండా పట్టుకున్న వేళ్లు, బొటనవేలి మొదట్లో చింతగింజంత కాయ.